రాలిన లిచీ పిందెను కోసి చూశారా?

ఏప్రిల్ మొదట్లో ముజఫర్‌పూర్ వైపు లిచీ తోటలోకి వెళ్తే తలెత్తి చెట్టు చూసేవాళ్ల కంటే తల దించుకుని నేల చూసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. లవంగం మొగ్గంత పిందెలు నేలంతా పరుచుకుని ఉంటాయి. నేను ఉద్యోగం పని మీద రెండు సీజన్లు ఉత్తర బిహార్‌లో ఉన్నాను. మేం అద్దెకున్న ఇంటాయనకి పెరట్లోనే పధ్నాలుగు షాహీ రకం లిచీ చెట్లు. మాది నూజివీడు వైపు, మామిడి పిందె రాలడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, అయినా ఆ చెట్ల కింద రాలినవి చూసి ఏదో పెద్ద తెగులే తగిలిందనుకున్నాను. ఆయనైతే అప్పటికే మందుల షాపుకి వెళ్లి మూడు డబ్బాలు తెచ్చేశారు. ఒకటి హార్మోను, ఒకటి పురుగుమందు, ఒకటి తెగులు మందు. మూడూ కలిపి కొట్టించారు. మర్నాడూ రాలాయి, ఆ మర్నాడూ రాలాయి, పది రోజులకి తగ్గింది. "చూశారా, మందు పనిచేసింది" అన్నారు.

పనిచేసిందా, లేక రాలాల్సినవన్నీ రాలిపోయాక ఆగిందా? ఈ ప్రశ్న వేసుకోకుండా లిచీ పిందె రాలడం గురించి ఎంత చదివినా బుర్ర వేడెక్కడమే తప్ప ఒరిగేదేం ఉండదు, ఎందుకంటే ఎక్కడ చూసినా పది కారణాలు, పది మందులు వరసగా రాసేసి ఉంటాయి. అవన్నీ నిజమే కానీ అన్నీ ఒకే రోజున నిజం కావు. మార్చి ఆఖర్లో రాలే పిందెకి కారణం ఒకటి, ఏప్రిల్ మధ్యలో రాలే కాయకి ఇంకొకటి, మే నెలలో ఎరుపెక్కుతూ రాలే కాయకి మరొకటి. ఒకదానికి కొట్టాల్సిన మందు ఇంకోదానికి దండగ, ఒక్కోసారి హాని కూడా. అందుకే ముందు తేదీ చూడాలి, తర్వాత రాలిన కాయని కత్తితో కోసి చూడాలి, షాపుకి వెళ్లడం ఆ తర్వాతే.

మొదట పూత సంగతి. లిచీ పువ్వుకి రేకలుండవు. జనవరి, ఫిబ్రవరిల్లో కొమ్మ చివర్ల నుంచి పూగుత్తులు వస్తాయి, ఒక్కో గుత్తికి వందల నుంచి వేల దాకా పచ్చపచ్చని చిన్న పూలు. ఇందులో మూడు రకాలు. ముందు మగపూలు విచ్చుకుంటాయి, అవయ్యాక ఆడపూలు, ఆ తర్వాత మళ్లీ మగపూలు. ఈ రెండో విడత మగపూల పుప్పొడికే మొలకెత్తే శక్తి ఎక్కువ. ఆడపూలు తెరుచుకున్న కొద్ది రోజుల్లోనే మంచి పుప్పొడి పక్క గుత్తి నుంచో పక్క చెట్టు నుంచో వచ్చి పడాలి. తెచ్చేది గాలి కాదు, తేనెటీగలూ ఈగలూ. ఇక పూత వేళకి చలి తొందరగా పోయి ఎండ ముదిరిపోతే ఆడపూల వాటా తగ్గిపోతుంది, గుత్తి నిండా పూలున్నా పిందె పట్టదు. చూసేవాళ్లకి మాత్రం పూత విరగబూసినట్టే ఉంటుంది.

ఆడపువ్వులో అండాశయం రెండు తమ్మెలుగా ఉంటుంది. దాదాపు ఎప్పుడూ ఒక తమ్మే కాయవుతుంది, రెండోది ఎదగక తొడిమ దగ్గర చిన్న పొక్కులా మిగిలిపోతుంది. ఈసారి లిచీ తినేటప్పుడు తొడిమ పక్కన చూడండి, ఒక్కోసారి ఆ పొక్కు కనిపిస్తుంది. అంటే కాయ కాకముందే సగం తీసేయడం చెట్టుకి మామూలు పద్ధతన్నమాట.

ఇక మొదటి విడత రాలడం. పిందె కట్టిన మొదటి మూడు నాలుగు వారాల్లో రాలేవే సంఖ్యలో చాలా ఎక్కువ. వాటిలో ఎక్కువ శాతం అసలు ఫలదీకరణం జరగనివి, లేదా జరిగినా లోపలి పిండం మొదట్లోనే చచ్చిపోయినవి. పువ్వు ఊరికే ఉబ్బి పిందెలా కనిపిస్తుంది గానీ లోపల గింజ లేదు. వీటిని ఏ మందూ ఆపలేదు. చచ్చిన గింజని బతికించే హార్మోను ఇంకా రాలేదు. మా ఇంటాయన మొదటి ఏడాది కొట్టించిన మూడు మందులూ ఈ విడత మీద ఖర్చయినవే.

చెట్టు లెక్కేంటో ఇక్కడ అర్థమవుతుంది. అంత పూత పూసిన గుత్తికి చివరికి మిగిలే కాయలు పదో ఇరవయ్యో, బాగా కాస్తే ముప్పయ్యో నలభయ్యో. మన మామిడిలోనూ అంతే కదా, పూసినవన్నీ నిలిస్తే కొమ్మలు విరిగిపోవూ? కాబట్టి మార్చి ఆఖర్లో, ఏప్రిల్ తొలి రోజుల్లో నేల మీద చిన్న పిందెలు కుప్పలుగా కనిపిస్తే వాటిని లెక్కపెట్టకండి. గుత్తికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. అసలు అంకె అదే.

అలాగని ఈ విడతలో మనం చేసేదేమీ లేదని కాదు, చేయాల్సింది పూతకి ముందే ఉంటుంది. పూత మీద పురుగుమందు కొట్టకపోవడం ఒకటి. ముజఫర్‌పూర్ లిచీ తేనెకి పేరున్న ఊరు, పూత సమయంలో తేనెటీగల పెట్టెలు తెచ్చి తోటల్లో పెడతారు, అలాంటి చోట కూడా ఒకళ్లిద్దరు పూత మీదే మందు కొట్టేస్తుంటారు, తేనెటీగలు చస్తాయి, తర్వాత పిందె నిలవలేదని మళ్లీ మందు కొంటారు. ఇంకోటి బోరాన్. పుప్పొడి మొలకెత్తి కిందికి దిగాలంటే బోరాన్ కావాలి. ఉత్తర బిహార్ నేలల్లో సున్నం ఎక్కువ, నేలలో జింక్, బోరాన్ ఉన్నా చెట్టుకి సరిగా అందవు. అందుకే పూతకి ముందు ఆకుల మీద పిచికారీ చేయమంటారు. ఇది ముందుచూపు పని. పిందె రాలడం మొదలయ్యాక బోరాన్ కొట్టి ఆ పుప్పొడిని వెనక్కి తీసుకెళ్లి మొలకెత్తించలేం.

ఇజ్రాయెల్ పరిశోధకులు బయటపెట్టిన విషయం ఒకటి నాకు భలే నచ్చింది. లిచీ తన పుప్పొడితో తానే కాయగలదు, కానీ అక్కడ మారిషస్ అనే రకం మీద చూస్తే, వేరే రకం పుప్పొడితో కట్టిన పిందెలే ఎక్కువగా చివరిదాకా నిలిచాయట. సొంత పుప్పొడితో కట్టినవి దారిలో ఎక్కువగా రాలిపోయాయి. అంటే తోటంతా ఒకే రకం పెట్టుకోవడం కంటే మధ్యమధ్య ఇంకో రకం చెట్లుంటే మంచిదన్నమాట. కాకపోతే రెండూ ఒకేసారి పూయాలి. షాహీ ముందొస్తుంది, చైనా అనే రకం తర్వాతొస్తుంది, కాబట్టి వాటి పూత ఎంతవరకు కలుస్తుందో ఆ ఏటి వాతావరణమే చెప్పాలి.

ఇప్పుడు అసలు కాయ ఎలా ఊడుతుందో చూద్దాం, ఎందుకంటే హార్మోను మందు కథంతా ఇక్కడే ఉంది. కాయకీ కొమ్మకీ మధ్య కాడలో ఒక చోట పలచని కణాల పొర ఉంటుంది. పెరుగుతున్న గింజ ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి కాడ గుండా కిందికి పంపుతూనే ఉంటుంది. ఆ ప్రవాహం నడిచినంతకాలం ఆ పొర గట్టిగా ఉంటుంది. గింజ నీరసించి ప్రవాహం తగ్గిందంటే ఆ పొర కాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువుకి లొంగిపోతుంది, కణాలని అంటించి ఉంచే జిగురుని ఎంజైములు కరిగించేస్తాయి, కాయ దాని బరువుకే ఊడిపోతుంది. అందుకే ఇలా రాలిన కాయ కాడ చివర చక్కగా, కోసినట్టు నున్నగా ఉంటుంది. గాలివానకి రాలినదైతే కాడ చీలి ఉంటుంది, లేదా గుత్తికి గుత్తే విరిగి పడుతుంది. ఇది చాలా తేలిక పరీక్ష, కాసిని కాయలు ఏరి చూస్తే చాలు.

రెండో విడత రాలడం గింజ లోపల పిండం వేగంగా పెరిగే దశలో వస్తుంది. లిచీ కాయలో ముందు పెరిగేది తోలూ గింజ పైపొరా. అప్పుడు గింజ కోస్తే లోపల నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. తర్వాత పిండం ఎదిగి ఆ ద్రవాన్ని తాగేసి గట్టిపడుతుంది. మనం తినే తెల్ల గుజ్జు చివర్లో గానీ ఊరదు. మధ్య దశలో ఒక్కసారిగా అన్ని కాయలకీ చక్కెర కావాలి, ఆకులు అంత వండి పెట్టలేవు, అప్పుడు చెట్టు కొన్నిటిని వదులుకుంటుంది. ఈ రాలే కాయలు చిక్కుడు గింజంతో, కొంచెం పెద్దవో ఉంటాయి, సంఖ్యలో మొదటి విడత కంటే తక్కువే గానీ నష్టం మాత్రం ఇదే. చెట్టు అప్పటికే వాటి మీద నెల రోజుల తిండి ఖర్చు పెట్టేసింది మరి.

ఈ దశలో రాలిన కాయని నిలువుగా కోయండి. గింజ లోపల ముడుచుకుపోయి గోధుమ రంగుకి తిరిగితే పిండం చచ్చింది. గింజ తెల్లగా, నిండుగా ఉండి కూడా రాలిందంటే తిండికో నీళ్లకో కరువొచ్చిందన్నమాట. సందులో పురుగో, నల్లటి పొడిలాంటి రెట్టో ఉంటే సంగతి వేరే, దానికి తర్వాత వస్తాను.

తిండి కరువు ఎందుకొస్తుంది? వరసగా మబ్బు పట్టిన రోజులు ఒక కారణం. కాయలు పెరిగే టైములోనే కొత్త చిగురు రావడం ఇంకో కారణం, దీన్ని చాలామంది పట్టించుకోరు. పూత ముందు గానీ పిందె దశలో గానీ యూరియా ధారాళంగా వేస్తే, నీళ్లూ తగిలితే, చెట్టు చక్కగా ఎర్రటి చిగురేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆ చిగురు మాత్రం కాయల నోటి దగ్గరి కూడు లాగేసుకుంటుంది. లేత ఆకు వండేది కాదు, తినేది. చెట్టు పచ్చగా కళకళలాడుతోంది, కాయలేమో రాలుతున్నాయని ఎవరైనా అంటే ముందు యూరియా ఎప్పుడేశారో అడగాలి.

చైనా దేశంలో, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ వైపు, దీనికి మొరటుగా కనిపించే చిట్కా ఒకటి వాడతారు. కొమ్మ బెరడుని సన్నగా, మర మీద చుట్టు తిరిగినట్టు కోస్తారు. ఆకుల్లో తయారైన చక్కెర వేళ్లకి దిగకుండా పైనే ఆగిపోయి కాయలకి అందుతుంది. బలమైన చెట్టుకైతే సరే, నీరసంగా ఉన్నదానికి చేస్తే వేళ్లు ఎండి చెట్టుకే ముప్పు. పధ్నాలుగు చెట్లున్న ఇంటాయనకి నేనైతే చెప్పలేదు.

ఇప్పుడు షాపులో ఇచ్చే హార్మోను, అంటే ఎన్‌ఏఏ. మన వాళ్లకి ప్లానోఫిక్స్ పేరుతో బాగా తెలుసు, మిరప పూత రాలినా మామిడి పిందె రాలినా అదే గుర్తొస్తుంది. 4.5 శాతం ద్రావణం, 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు కలిపితే సరిగ్గా 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది, 2 మిల్లీలీటర్లు కలిపితే 20. లిచీకి సాధారణంగా చెప్పేది ఆ 20 పీపీఎం దగ్గరే. ఇది కృత్రిమ ఆక్సిన్, గింజ పంపాల్సిన సంకేతాన్ని మనం బయటి నుంచి పంపుతున్నాం. బతికున్న గింజ కాస్త నీరసించినప్పుడు ఇది నిలబెడుతుంది, ఖాళీ పిందెని నిలబెట్టదు. ఇజ్రాయెల్‌లో 1990లలో మంచి ఫలితం ఇచ్చిన ప్రయోగాల్లో వేరే ఆక్సిన్ వాడారు, కానీ గమనించాల్సింది వాళ్లు ఎప్పుడు కొట్టారన్నది. పిందె దాదాపు 2 గ్రాముల బరువున్నప్పుడు. అంటే మొదటి విడత రాలిపోయాక, రెండో విడతకి ముందు.

ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది. ఇదే ఎన్‌ఏఏని యాపిల్ తోటల్లో పిందెలు రాల్చడానికి వాడతారు, గుత్తిలో పిందెలు మరీ ఎక్కువైనప్పుడు పలచన చేయడానికి. అదే యాపిల్‌కి కోత ముందు కొడితే పండ్లు రాలకుండా ఆపుతుంది. ఒకటే మందు, కొట్టే రోజుని బట్టి రాలుస్తుంది, ఆపుతుంది. కాబట్టి "కొంచెం ఎక్కువ పోస్తే ఇంకా బాగా పనిచేస్తుంది" అనే మాట ఎవరు చెప్పినా వినకండి.

నీళ్ల దగ్గరికొద్దాం. పూత రావడానికి లిచీకి చలికాలపు విశ్రాంతి కావాలి, అందుకే శీతాకాలంలో తడులు ఆపేస్తారు, పిందె కట్టాక మొదలుపెడతారు. ఏప్రిల్ సగం దాటాక అక్కడ పడమటి గాలి మొదలవుతుంది, పఛియా అంటారు, ఎండి పోయిన వేడి గాలి. తూర్పు గాలిలో తేమ ఉంటుంది, పడమటి గాలి ఉన్న తేమని పీల్చేస్తుంది. మన దగ్గర రోహిణి కార్తెలో వీచే వడగాడ్పుని ఊహించుకోండి, అది నెల ముందే కాయల మీద పడితే ఎలా ఉంటుంది? ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే చెట్టు కాయల్లోంచి కూడా వెనక్కి లాక్కుంటుంది. కాయలు రాలతాయి, ఎండ వైపు తోలు మాడి గోధుమ రంగు మచ్చ కడుతుంది. ఇక్కడ చేసే పెద్ద తప్పు ఏంటంటే, పదిహేను రోజులు నీళ్లివ్వకుండా ఉండి, కాయలు రాలుతున్నాయని కంగారుపడి ఒకేసారి పాదులు నిండేలా పెట్టడం. మాడిన తోలు సాగదు, లోపల గుజ్జు ఒక్కసారిగా ఉబ్బుతుంది, కాయ పగులుతుంది. రాలడం ఆగిందని సంతోషించేలోపు పగలడం మొదలవుతుంది. తక్కువ తక్కువగా, ఎడం లేకుండా తడులివ్వడం, పాదుల్లో ఎండుగడ్డి పరచడం, తోటకి పడమటి గట్టున గాలికి అడ్డంగా చెట్లు పెంచడం, చెప్పుకోవడానికి చప్పగా ఉంటాయి గానీ పనిచేసేవి ఇవే. పడమర దిక్కున వెదురు గుబురున్న రెండు చెట్లు మా ఇంటాయన పెరట్లో మిగతా పన్నెండింటి కంటే ఎప్పుడూ బాగా కాసేవి. కారణం వెదురేనని ఆయనకీ తెలుసు, అయినా దాని నీడ ఎక్కువైందని తిట్టుకునేవారు.

పురుగులు రెండు. ఒకటి కాయ తొలిచే పురుగు. సన్నటి చిన్న రెక్కల పురుగు కాయ మీద గుడ్డు పెడుతుంది, లద్దె లోపలికి దూరి తొడిమ వైపు తింటుంది. చిన్న కాయలో పడితే గింజని తినేస్తుంది, కాయ రాలుతుంది. పెద్ద కాయలో పడితే కాయ చెట్టునే ఉంటుంది, వలిచినప్పుడు తొడిమ దగ్గర నల్లటి పొడి కనిపిస్తుంది, తినబోయినవాడు పళ్లెం పక్కకి నెట్టేస్తాడు. ఇలా రాలిన కాయలు నేల మీదే వదిలేస్తే పురుగు తన దారి తాను చూసుకుని మళ్లీ చెట్టెక్కుతుంది. ఏరి గోతిలో పూడ్చాలి. మందు కూడా పిందె దశలో ఒకసారి, కాయ రంగు తిరగబోయే ముందు ఒకసారి అని లెక్కుంటుంది. ముజఫర్‌పూర్ పక్కనే ముషహరీలో 2001లో పెట్టిన జాతీయ లిచీ పరిశోధన కేంద్రం ఏటా ఈ సలహాలు ఇస్తుంది, ఆ ఏడాది ఏ మందు చెబుతున్నారో అక్కడే కనుక్కోవడం మేలు.

రెండోది కంపు కొట్టే పెద్ద నల్లి. మన వరిలో కంపు నల్లి ఉంటుందే, దానికి దూరపు పెద్దన్నలాంటిది, బొటనవేలి గోరు కంటే పెద్దది. పిల్లలూ పెద్దవీ కలిసి లేత రెమ్మలు, పూకాడలు, పిందె కాడల రసం పీల్చేస్తాయి. ఇది వచ్చిన తోటలో రాలిన పిందెని ఎంత కోసినా లోపల ఏమీ కనిపించదు, ఎందుకంటే దెబ్బ కాయకి కాదు, కాడకి. ఆకు అడుగున పధ్నాలుగేసి గుడ్లు ఒక్కచోట పొందికగా పెట్టి ఉంటుంది, అవి కనిపిస్తే ఆకు తుంపేయడం తేలిక. చలి పొద్దుల్లో పెద్ద పురుగులు కొంకర్లు పోయి ఉంటాయి, కొమ్మ దులిపితే పడిపోతాయి, ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తారు. చేతికి అంటితే కంపు రెండు రోజులు వదలదు, ఇది మాత్రం స్వానుభవం.

రాలిన కాయల గురించి ఇంత మాట్లాడి ఒక విషయం వదిలేస్తే తప్పవుతుంది. ముజఫర్‌పూర్‌లో వేసవిలో చిన్నపిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి స్పృహ తప్పడం, చనిపోవడం ఏళ్ల తరబడి జరిగింది, 2019లో బిహార్‌లో నూటయాభై మందికి పైగా పోయారు. 2014లో భారత, అమెరికా సంస్థలు కలిసి చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. లిచీ తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువని తేల్చింది. లిచీలో, ముఖ్యంగా పచ్చి కాయల్లో, హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉంటుంది, ఖాళీ కడుపుతో ఉన్న బలహీనమైన పిల్లల ఒంట్లో అది చక్కెర తయారు కాకుండా అడ్డుపడుతుంది. ఎండ దెబ్బ కూడా కారణమన్న వాదన ఉంది. తోటల్లో పగలంతా రాలిన పచ్చి కాయలు ఏరుకుని తిని, సాయంత్రం ఆకలి లేదని పడుకునేది పేదింటి పిల్లలే. కడుపు నిండా తినే పిల్లలకి పండిన లిచీతో భయం లేదు. రాలిన కాయలు ఏరేయమని చెప్పడానికి పురుగు ఒక్కటే కారణం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

అన్నట్టు లిచీ మన కుంకుడు చెట్టు కుటుంబమే. చింతపల్లి, పాడేరు వైపు మన్యంలో చలి తగిలే చోట లిచీ కాస్తుంది గానీ మైదానంలో మనకి చలి చాలదు, చెట్టు పెరుగుతుంది, పూత రాదు. హైదరాబాద్‌లో పెరట్లో నాటి "పిందె నిలవడం లేదు" అనేవాళ్లలో చాలామందికి అసలు సమస్య పిందె కాదు, పూత.

ఇంకో చిక్కు డబ్బుది. ముజఫర్‌పూర్‌లో చాలా తోటల్ని పూత మీదే వ్యాపారులు గుత్తకి తీసుకుంటారు, మన మామిడి తోటల్లాగే. గుత్త ఇచ్చాక రైతుకి రాలే కాయతో పని లేదు, గుత్తదారుకి వచ్చే ఏడాది చెట్టుతో పని లేదు. వ్యాపారి ఏప్రిల్‌లో ఎడాపెడా మందులు కొట్టిస్తాడు, ఎందుకంటే రాలే ప్రతి గుత్తీ అతని డబ్బే. పాదుల్లో గడ్డి పరచడం, గాలికి అడ్డుగా చెట్లు నాటడం, పూతకి ముందు బోరాన్ కొట్టడం ఎవరి పనీ కాకుండా పోతాయి. పిందె రాలడం మీద వచ్చే సలహాల్లో ఈ సంగతి నాకెక్కడా కనపడలేదు.

రెండో ఏడాది మా ఇంటాయనతో ఒక పని చేయించగలిగాను. నాలుగు చెట్లలో ఒక్కోదాని కింద పాత చీర పరిచి, వారానికోసారి రాలినవి ఏరి, అందులో ఇరవై కోసి, ఎన్ని ఖాళీ, ఎన్ని ముడుచుకున్నవి, ఎన్నిట్లో పురుగు అని గోడ మీది క్యాలెండర్‌లో రాసేవాళ్లం. మొదటి మూడు వారాలు దాదాపు అన్నీ ఖాళీవే, ఆయన చెయ్యి స్ప్రేయర్ వైపు వెళ్లబోయి ఆగేది. నాలుగో వారం నిండు గింజలున్నవి రాలడం మొదలైంది, అప్పుడు తడి దగ్గర దగ్గరగా పెట్టి, హార్మోను ఒక్కసారి కొట్టించారు. మే మొదట్లో పురుగు కనిపించింది, మిగతా చెట్ల కింద కూడా చూస్తే మొత్తం ఆరింటికి మాత్రమే, వాటికే మందు. ఆ ఏడు గాలివాన ఒకటి వచ్చి రెండు పెద్ద కొమ్మలు విరిచేసింది, దిగుబడి పోయినేటి కంటే గొప్పగా ఏం లేదు, మందుల ఖర్చు మాత్రం సగానికి తగ్గింది. ఆ క్యాలెండర్ పారేయొద్దని వాళ్లావిడకి చెప్పి వచ్చాను. ఆవిడ దాని వెనక పాల లెక్క రాసుకుంటున్నారు.